చిన్న కోత సరే, కిడ్నీ ఎంత మిగిలింది?

కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి గుడికి వెళ్లే దారిలో, టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఈ కాలమ్ రాసే మనిషిని వారమంతా వదల్లేదు. విశాఖ వెళ్లొచ్చిన మేనల్లుడు తెచ్చిన కిడ్నీ ఆపరేషన్ల కరపత్రం ఆయన చేతిలో ఉంది. దాని మీద నాలుగు చేతుల యంత్రం బొమ్మ.

"ఏటి బావూ, ఆపరేసన్ రోబోయే సేసేత్తాదట! మరి డాట్టరు బాబు ఏటి సేత్తాడు?"

ఆ ప్రశ్నకు కరపత్రంలో జవాబు లేదు. చిన్న కోత, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి... అంతే. రోగి అడిగే మొదటి ప్రశ్నకే జవాబు చెప్పని కాగితం మీద కోపం వచ్చింది.

యంత్రం తనంతట తాను కత్తి పట్టదు. అదే గదిలో కాస్త దూరంగా కూర్చున్న డాక్టరు తెరలోకి చూస్తూ తన చేతులు కదిలిస్తాడు. పొట్టమీద 8 మిల్లీమీటర్ల రంధ్రాల గుండా లోపలికి వెళ్లిన పనిముట్లు ఆ కదలికనే చిన్నది చేసి చూపిస్తాయి. రోబో లేకుండా చిన్న రంధ్రాల గుండా చేసే మామూలు లాప్రోస్కోపీలో పనిముట్లు వంగని కడ్డీలు. వీటికి మాత్రం మణికట్టు ఉంటుంది. చేతి వణుకును యంత్రం వడగట్టేస్తుంది. కెమెరా లోపలి భాగాలను ఎన్నో రెట్లు పెద్దవి చేసి, లోతు తెలిసేలా చూపిస్తుంది. డాక్టరు ఆగితే అదీ ఆగుతుంది. పెద్దాయనకు ఈ మాట చెబితే స్థిమితపడ్డాడు.

కిడ్నీ మాట వస్తే ఈ శీర్షిక ముందు నీళ్ల దగ్గరికే వెళ్తుందని పాత పాఠకులకు తెలుసు. ఇక్కడికి ఉత్తరాన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస. కొబ్బరి, జీడిమామిడి తోటల ఉద్దానం. అక్కడ పొలం పనికి వెళ్లే మనుషుల కిడ్నీలు చప్పుడు లేకుండా పాడైపోతున్నాయి. దీనికి ఫలానాదే కారణమని శాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. హిరమండలం నుంచి 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ జబ్బును ఏ రోబో నయం చేయలేదు. అందుకే 'ముందు నీళ్లు, తర్వాతే మిషన్లు' అని ఇక్కడ పదేపదే రాయడం. ఈ వారమూ అదే రాద్దామని కూర్చుంటే పెదనాన్న గుర్తొచ్చాడు.

పెదనాన్న చొక్కా విప్పి నూతి దగ్గర స్నానం చేస్తుంటే పిల్లలంతా ఆ మచ్చనే చూసేవారు. నడుము వెనక మొదలై, పక్కటెముకల కింద నుంచి దాదాపు బొడ్డు దాకా వచ్చిన కుట్లగాటు. 1980ల మొదట్లో, విశాఖ పెద్దాసుపత్రిలో కిడ్నీలో రాయి తీశారు. ఆ రాయిని చిన్న గాజు సీసాలో దాచుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆయన ఎప్పుడూ చూపించని లెక్క ఒకటుంది. ఆ ఏడు నాగలి పట్టలేకపోయాడు. రానుపోను ఖర్చులకూ, ఇంటి తిండికీ ఎద్దుల జతను నారాయణవలస సంతలో అమ్మేశారు. మళ్లీ జత కొనడానికి మూడేళ్లు పట్టింది.

అంతకు చాలా ముందు, సుశ్రుతుడు మూత్రాశయంలో రాయిని కోసి తీసే పద్ధతి రాస్తూ, ముందుగా రాజు అనుమతి తీసుకోవాలన్నాడు. కోయకపోతే చావు ఖాయం, కోస్తే బతుకు అనుమానం. అంత భయమున్న పని అది. పెదనాన్న నూతి గట్టున మచ్చ తడుముకునే నాటికే దూరదేశాల్లో కిడ్నీ రాయికి అంత కోత అవసరం తగ్గిపోతోంది. 1976లో స్వీడన్ వైద్యులు వీపు వైపు చిన్న రంధ్రం చేసి కిడ్నీలోని రాయిని బయటికి తెచ్చారు. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో అసలు కోతే లేకుండా, బయటి నుంచి పంపిన తరంగాలతో ఒక మనిషి రాయిని పొడి చేశారు. ఇప్పుడు మూత్రం దారిలోనే సన్నని గొట్టం పంపి లేజర్‌తో పగలగొడుతున్నారు. డబ్బు లేనివాళ్లకు పెద్ద ఆపరేషన్లు చేయించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పెదనాన్నకు ఇవేవీ అందలేదు.

రోబో కథలోనూ తెలుగువారి చేయి ఉంది. 2001లో రాజ్ వట్టికూటి, పద్మ దంపతులు డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. వారి పేరున్న యూరాలజీ సంస్థలో డాక్టర్ మణి మీనన్ రోబోతో ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌ను ఒక క్రమపద్ధతికి తెచ్చి, ప్రపంచానికి నేర్పారు. అయితే 2016లో బ్రిస్బేన్ వైద్యులు ప్రచురించిన పరిశీలన చదవాల్సిందే. ప్రోస్టేట్ తీసే ఆపరేషన్‌కు 326 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు కోత, ఇంకో జట్టుకు రోబో. రోబో జట్టులో రక్తం తక్కువ పోయింది. మూడు నెలల తర్వాత మూత్రం ఆపుకోవడంలో, దాంపత్య జీవితంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక్కడితో ఆపేస్తే పాత మాటే నిలుస్తుంది: కోట్ల ఖరీదు చేసే యంత్రం మనకెందుకు?

నిలవకుండా చేసింది కిడ్నీలో గడ్డ. స్కానింగ్ ఇంకెందుకో తీయిస్తే చిన్న గడ్డ బయటపడుతుంది. ఒకప్పుడు కిడ్నీ మొత్తం తీసేసేవారు. ఇప్పుడు వీలున్నచోట గడ్డ వరకే కోసి, మిగతా కిడ్నీని కాపాడతారు. ఆ కాసేపూ కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగించి ఉంచాలి. 25 నిమిషాలు దాటకుండా ముగించాలని సర్జన్లు చూస్తారు. గడియారం తిరుగుతుండగా గడ్డ కోయాలి, రక్తనాళాలు మూయాలి, కిడ్నీని కుట్టాలి. వంగని కడ్డీలతో ఆ కుట్టు మహా కష్టం. మణికట్టున్న పనిముట్టు విలువ అక్కడ తెలుస్తుంది.

రెండో కిడ్నీ బాగుంటుందన్న ధీమా మిగతా ఊళ్లవాళ్లకు ఉండొచ్చు. ఉద్దానం మనిషికి అది ఎక్కడిది? ఇక్కడ కిడ్నీలో ప్రతి ముక్కా దాచుకోవాల్సిందే. అందుకే ఈ కాలమ్ తన పాత మాటను ఈ వారం దిద్దుకుంటోంది. నీళ్లూ కావాలి, ఆ మిషనూ కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో 2023లో ప్రభుత్వ ఖర్చుతోనే రోబో వచ్చింది. ఉత్తరాంధ్ర రైతుకూ అది ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద, కిడ్నీ కాపాడే ఆపరేషన్లకు ముందుగా అందాలి. ఆసుపత్రులు కూడా కరపత్రాల్లో కోత పొడవు బదులు, ఎన్ని కిడ్నీలను తీసేయకుండా కాపాడారో రాయాలి.

ఒక మాట పాఠకులతో. రాయికి చికిత్స చేశాక చాలామందికి లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెడతారు. సాధారణంగా కొన్ని వారాల్లో తీయించాలి. పక్క ఊరి కోడలు ఒకామె నొప్పి తగ్గిందని చెన్నైకి పనికి వెళ్లిపోయింది. ఏడాది దాటాక వస్తే గొట్టం చుట్టూ రాయి పేరుకుని, ఆ కిడ్నీ సగం పాడైంది. ఆపరేషన్ బాగానే జరిగింది, తేదీ చెప్పినవాళ్లు లేరు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయి ఉంటే ఈ రోజే డిశ్చార్జి కాగితం తీయండి. స్టెంట్ అన్న మాట ఉందేమో చూడండి. తీయించే తేదీ లేకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.