ఉడికాక పూసే చెట్టు

శ్రీకాళహస్తి కలంకారీలో పూలచెట్టును చూసినవారు ముందుగా మెచ్చుకునేది పూల ఎరుపునే. నిజానికి ఆ ఎరుపు కలంలోంచి దిగింది కాదు. కళాకారులు రేకుల్లో నింపేది పటిక నీళ్లు. అవి బాగా ఆరాక ఉతికి, ఎర్రరంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి కాచిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తారు. పటిక తగిలిన చోటల్లా రంగు పట్టుకుంటుంది. చెట్టు పూసేది అప్పుడే.

కాన్వాసు మీద రకరకాల పదార్థాలు కలిపి వేసే బొమ్మల్ని మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. ఆ లెక్కన ఈ చెట్టులో ఎన్ని చేరాయో చూడండి. నూలుగుడ్డను ముందు కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు గీతను చెదరనివ్వదు. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో కొమ్మలు గీసుకుంటారు. కలమంటే వెదురుపుల్లే. మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో పులియబెట్టిన రసంలో దాన్ని ముంచి, ఆ ఉన్నిగుడ్డను వేళ్లతో సున్నితంగా నొక్కుతూ గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకు ఇనుము తగలగానే గీత నల్లబడుతుంది. ఇక చెరపడం కుదరదు. ఆకుపచ్చ కావాలంటే పసుపురంగు, నీలిమందు ఒకదానిపై ఒకటి పడాలి.

ఒకే మొదలుకు పది జాతుల పూలు పూయించే ఊహ పాతదే. కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకు వెళ్లిన పాలంపోర్ దుప్పట్లలో ఆ చెట్టే ఉండేది. వాటి మోజు ఎంతలా పెరిగిందంటే, స్థానిక నేతను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో ఇలాంటి అద్దకపు బట్టల్ని నిషేధించింది. శ్రీకాళహస్తిలో మాత్రం గుడి గోడలకు వేలాడదీసే రామాయణ, భారత కథలదే పెద్దపీట. కళ సన్నగిల్లిన రోజుల్లో, 1950ల చివర్లో, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిని 2008లో పద్మశ్రీ వరించింది.

తిరుపతి బజారులో కలంకారీ పేరుతో యంత్రం మీద అచ్చువేసిన చీరలూ దొరుకుతాయి. చవకైన చీర కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. దాన్ని చేతిపని అని అమ్మడం మాత్రం అన్యాయం. కొనేవారు పక్కపక్కన ఉన్న రెండు పూలను పోల్చి చూడాలి. చేత్తో గీసినవైతే రేకు చివర గీత ఒకచోట లావెక్కుతుంది, కలంలో రసం అయిపోయే చోట సన్నబడుతుంది. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటే అది అచ్చే.