దౌత్యవేత్త రాసిన యుద్ధ చరిత్ర: 'అఫ్గాన్త్సీ' – ఒక విమర్శ

పరిచయం

రాడ్రిక్ బ్రెయిత్‌వెయిట్ 1988 నుంచి 1992 వరకు మాస్కోలో బ్రిటన్ రాయబారి. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్ నుంచి పూర్తిగా వైదొలగినప్పుడు ఆయన ఆ పదవిలోనే ఉన్నారు. ఉద్యోగ విరమణ తరువాత చరిత్ర రచన చేపట్టి, 2011లో 'అఫ్గాన్త్సీ' అనే గ్రంథాన్ని ఇంగ్లీషులో ప్రచురించారు. 1979 నుంచి 1989 వరకు సాగిన సోవియట్-అఫ్గాన్ యుద్ధం ఇందులోని వస్తువు. ఈ గ్రంథపు బలమేమిటో, పరిమితి ఏమిటో పరిశీలిద్దాం.

దౌత్యానుభవం ఇచ్చిన బలం

సోవియట్ యూనియన్ దక్షిణ సముద్రాల వైపు విస్తరించే పథకంతోనే అఫ్గానిస్తాన్‌లోకి దిగిందని పాశ్చాత్య దేశాలలో చాలామంది నమ్మారు. బ్రెయిత్‌వెయిట్ ఈ అభిప్రాయాన్ని అంగీకరించరు. 1979 మార్చిలో హెరాత్‌లో తిరుగుబాటు చెలరేగింది. కాబూల్ ప్రభుత్వం సేనలను పంపమని కోరినా మాస్కో నిరాకరించింది. ఆ తరువాత అధ్యక్షుడు తరకీ హత్యకు గురికావడం, అధికారం చేజిక్కించుకున్న అమీన్‌పై మాస్కోకు అపనమ్మకం పెరగడం జరిగాయి. సైనిక ప్రధానాధికారి ఒగార్కోవ్ వద్దన్నా, డిసెంబరు 12న సేనలను పంపాలని నాయకత్వం నిర్ణయించింది. డిసెంబరు 27న, సహాయం కోసం పిలిచిన అమీన్‌నే ఆ సేనలు హతమార్చాయి.

ఒక ప్రభుత్వం వెనకాడుతూనే ఎలా ఊబిలోకి దిగుతుందో ఈ క్రమం చూపుతుంది. అధికార కార్యాలయాల పనితీరు లోపలి నుంచి తెలిసినవాడు కనుకనే రచయిత దీన్ని ఇంత స్పష్టంగా వివరించగలిగారు. ఒక నిర్ణయానికి కారణాలు వివరించడం వేరు, దాన్ని సమర్థించడం వేరు. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

సైనికుల లేఖలు, జ్ఞాపకాలు, వారు పాడుకున్న పాటలు, నర్సుల అనుభవాలు కూడా ఆయనకు ఆధారాలయ్యాయి. ఈ యుద్ధంలో సుమారు 15,000 మంది సోవియట్ సైనికులు మరణించారు. జింకు పెట్టెలలో ఇళ్లకు చేరిన ఆ మృతదేహాల వెనుక ఉన్న మనుషులను రచయిత మన ముందు నిలబెడతారు.

పరిమితి

గ్రంథం పేరునే గమనించండి. రష్యన్ భాషలో 'అఫ్గాన్త్సీ' అంటే అఫ్గాన్లు. యుద్ధం తరువాత అది అక్కడ పోరాడి వచ్చిన సోవియట్ సైనికుల పేరుగా కూడా స్థిరపడింది. అంటే ఒక దేశ ప్రజల పేరు, ఆ దేశంపైకి వెళ్లినవారికి చెందింది.

గ్రంథంలోనూ ఇదే జరిగింది. ఈ యుద్ధంలో మరణించిన అఫ్గాన్ల సంఖ్యపై అంచనాలు 6 లక్షల నుంచి 15 లక్షలకు పైగా ఉన్నాయి. 50 లక్షలకు పైగా ప్రజలు పాకిస్తాన్‌కు, ఇరాన్‌కు తరలిపోయారు. సోవియట్ మృతుల లెక్క వేలల్లో స్థిరపడింది. అఫ్గాన్ మృతుల లెక్క మాత్రం లక్షల తేడాతో ఊగుతూనే ఉంది. సోవియట్ సైనికుడికి ఇక్కడ పేరు, ఊరు, కుటుంబం ఉన్నాయి. అఫ్గాన్ గ్రామస్థుడు చాలావరకు అంకెగానే మిగిలిపోతాడు.

దీనికి కారణం రచయితకు సానుభూతి లేకపోవడం కాదు. ఆయన పనిచేసిన నగరం మాస్కో, ఆయనకు అందుబాటులో ఉన్న ఆధారాలు ప్రధానంగా రష్యన్ భాషలోనివి. ఇది అఫ్గానిస్తాన్‌లో రష్యన్ల కథ అని ఉపశీర్షిక కూడా ముందే చెబుతుంది. కాబట్టి రచయిత తన పరిధిని దాచారని అనలేం. అయితే పాఠకుడు దీన్నే అఫ్గానిస్తాన్ చరిత్రగా భావిస్తే పొరపాటవుతుంది. గ్రంథం వెలువడిన 2011లో బ్రిటిష్ సేనలు హెల్మండ్‌లో పోరాడుతున్నాయి. పరాయి సేనలకు పాఠంగా మాత్రమే ఈ గ్రంథాన్ని చదివితే, సొంత దేశపు కథలో అఫ్గాన్లు మరోసారి వెనక్కి వెళ్లిపోతారు.

సారాంశం

ఆక్రమించిన రాజ్యం మనసును విప్పి చెప్పడంలో 'అఫ్గాన్త్సీ' విలువైన గ్రంథం. ఆక్రమణకు గురైన ప్రజల మాట కోసం ఇతర రచనలను కూడా చదవాలి. ఏ యుద్ధ చరిత్రను చదివినా, ఎవరి పేర్లు ఉన్నాయి, ఎవరి అంకెలు మాత్రమే ఉన్నాయి అని చూడటం విమర్శకుని తొలి పని.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. రచయిత దౌత్యానుభవం ఈ గ్రంథానికి ఎలా తోడ్పడింది?
2. 'అఫ్గాన్త్సీ' అనే పేరు గ్రంథ పరిమితిని ఎలా సూచిస్తుంది?