వేములవాడ శివరాత్రి జాతర: మొక్కు, వేదిక

సాహిత్య చరిత్రలో వేములవాడ ప్రధానంగా రెండవ అరికేసరి ఆస్థానంగా, క్రీ.శ. 941 నాటి కన్నడ కావ్యం ‘విక్రమార్జున విజయం’ రచించిన పంపకవికి ఆశ్రయంగా ప్రసిద్ధం. పంపని సోదరుడు జినవల్లభుని కుర్క్యాల శాసనంలోని మూడు కందపద్యాలు తెలుగు ఛందశ్చరిత్రకు ముఖ్యాధారాలు. శిశిరంలో, మాఘ బహుళ చతుర్దశినాడు జరిగే రాజన్న జాతరను మాత్రం సాధారణంగా జానపద అధ్యయనానికే పరిమితం చేయడం జరుగుతున్నది. ఈ విభజన పునఃపరిశీలనార్హం.

కోడెమొక్కునే తీసుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల రైతు కుటుంబాలకు ఇది చిరపరిచితం. ఆపదలో అనుకొన్న మాట, కోడెను పట్టి గుడి చుట్టూ తిరగడం, చివరకు దానిని కట్టివేయడం: ఇందులో ఆద్యంతాలున్న కథనం ఉంది. ఆ కథకు కర్త, పాత్రధారి భక్తుడే. శివసత్తుల పూనకంలోనూ ప్రేక్షకులకు విడిగా హద్దు గీయబడదు.

జాగరణ రాత్రి ఏర్పాటుచేసే సాంస్కృతిక వేదిక ఈ సంబంధాన్ని మారుస్తుంది. కళాకారునికి గుర్తింపు, యాత్రికునికి వినోదం లభిస్తాయి. కాని అంతవరకు పాత్రధారియైన యాత్రికుడు అక్కడ ప్రేక్షకుడౌతాడు. వేదికమీది ప్రదర్శననే జాతర సంస్కృతిగా నమోదు చేస్తే, మొక్కు మాటలు, పూనకపు పలుకులు పరిశోధనకు అందకుండా పోతాయి. శాసనపాఠాన్ని పరిష్కరించినంత శ్రద్ధతో వాటిని సేకరించినప్పుడే వేములవాడ వాఙ్మయ చరిత్ర సమగ్రమౌతుంది.