జేమ్స్ పేరు వెనకాల

మా చెల్లెలి కొడుకు సెలవులకొస్తే చాలు, వాడి ల్యాప్‌టాప్‌లోంచి పాత వీడియో గేమ్‌ల సంగీతం ఇల్లంతా మోగుతుంది. ఎవరెవరో అభిమానులు భద్రం చేసి ఇంటర్నెట్‌లో పంచుకున్న బాణీలవి. 'ఏమిట్రా ఈ కీచురాళ్ళ గోల' అని విసుక్కునేదాన్ని. ఒకరోజు ఒక బాణీ దగ్గర ఆగిపోయాను. పరుగులాంటి దరువు, దాని మీద దిగులు పులిమిన రాగం. ఎవరు కట్టారని అడిగితే ఆట చివర వచ్చే పేర్లు చూపించి నవ్వాడు. 'జేమ్స్ బనానా, పెద్దమ్మా!'

అది కాసిల్‌వేనియా. 1986లో జపాన్‌లో కొనామీ సంస్థ తెచ్చిన ఆట. డ్రాక్యులా సినిమాలకు సంగీతమిచ్చిన జేమ్స్ బెర్నార్డ్ పేరు మీద వేళాకోళంగా పుట్టింది ఈ జేమ్స్ బనానా. ఆ పేరు వెనకున్నది కినుయో యమషిత. ఎలక్ట్రానిక్స్ చదివి అప్పుడే వుద్యోగంలో చేరిన అమ్మాయి. ఆమెతో కలిసి పనిచేసింది సతోయె తెరషిమా, మరో స్త్రీ.

ఆనాటి నింటెండో యంత్రంలో స్వరాలకి మూడే దారులు, దరువుకి ఒక రొద. ఇంత ఇరుకులో నిండైన సంగీతం పుట్టించాలి. 'వున్న గుప్పెడు గింజలతో ఇంటిల్లిపాదికీ వండిపెట్టినట్టు' అని ముందు రాసుకుని కొట్టేశాను. ఆడవాళ్ళ నైపుణ్యం ఏదైనా సరే వంటింట్లోకి తోసెయ్యడం మనకీ అలవాటే. ఇది సంగీతజ్ఞానం, యంత్రజ్ఞానం. ఆ పేరుతోనే పిలవాలి.

దీన్ని పితృస్వామ్య కుట్ర అని ఒక్క మాటలో తేల్చెయ్యలేను. పనివాళ్ళని పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయన్న భయంతో ఆ రోజుల్లో మగవాళ్ళకీ మారుపేర్లే పెట్టారు. 1987లో క్యాప్‌కామ్ వారి మెగామ్యాన్‌కి సంగీతమిచ్చిన మనమి మత్సుమయె, ఆట చివర 'చన్‌చకోరిన్ మనమి' అయింది. అయితే పేరు పోవడం అందరికీ ఒకటే నష్టమా? మారుపేరు తీసేసిన మగవాడు మగవాడిగానే మిగులుతాడు. పేరు తెలియని సంగీతకర్తని లోకం ఎలాగూ మగవాడిగానే వూహించుకుంటుంది. యమషితకి ఆ వూహ కూడా అక్కర్లేకుండా జేమ్స్ అని రాసే పెట్టారు. తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో తన పని గురించి తనే చెప్పుకోవలసి వచ్చింది.

మనకిది తెలియని కథా? భండారు అచ్చమాంబ 1902లోనే 'ధనత్రయోదశి' రాసినా, 1910 నాటి 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా ఎన్ని దశాబ్దాలు చదువుకున్నాం! నేనూ తరగతిలో అలాగే పాఠం చెప్పాను.

పాత బాణీలని వెతికి పంచుకునేవాళ్ళ మీద నాకిప్పుడు గౌరవం కలిగింది. అసలు పేర్లు తవ్వితీసి పాట పక్కన రాసే ఓపిక వాళ్ళలో కొందరికుంది. చాలామంది మాత్రం ఆట పేరు, కంపెనీ పేరు రాసి వూరుకుంటారు. పాట బతుకుతుంది, మనిషి మళ్ళీ మాయమవుతుంది.

ఇంతవరకూ రాసి ఆగిపోయాను. కిందటేడు అమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. క్యాసెట్ మీద నాన్న చేతిరాత, నాన్న పేరు. నేనూ 'నాన్నగారి క్యాసెట్' అనే పెట్టాను! ఇరవయ్యేళ్ళుగా స్త్రీవాద సాహిత్యం బోధిస్తున్న నేను. అందులో రెండు పాటలు అమ్మ స్వయంగా కట్టినవని తెలిసిన నేను.

ఆ రాత్రే అమ్మ పేరు రాసి మళ్ళీ పంపాను. తెల్లారేసరికి మేనత్త ఫోను. 'ఆ రెండో హారతి వదిన కట్టిందా? ఏదో పాతపాటే అనుకుని ఇన్నాళ్ళూ పాడుకున్నామే!'