చేష్ట ముందా, చైతన్యం ముందా

కథలో పాత్ర చేసే చేష్టను లోపలి భావానికి వెలుపలి గుర్తుగా చదవడం పాఠకులకు అలవాటు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఫ్రెంచి ఆధునికతావాద నవల, అంటే సంఘటనల వరస కన్నా అనుభవం మనసుకు తెలిసివచ్చే తీరునే కథావస్తువు చేసుకున్న నవల, ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. అందులో శరీరం ముందు కదులుతుంది, ఏం జరిగిందో చైతన్యం ఆ తరువాత గ్రహిస్తుంది.

మార్సెల్ ప్రూస్ట్ ఏడు భాగాల నవల 1913 నుంచి 1927 వరకు వెలువడింది. 1922 నాటి సంపుటంలో, బాల్బెక్ అనే సముద్రతీర పట్టణానికి రెండోసారి వచ్చిన కథకుడు, ఆ రాత్రి గుండె అలసటతో బాధపడుతూ, బూట్లు విప్పుకోవడానికి మెల్లగా వంగి మొదటి గుండీని తాకుతాడు; తాకగానే ఏడుపు పొంగుకొస్తుంది. మునుపు ఇదే హోటల్లో, ఇలాగే అలసిపోయినప్పుడు అతని బూట్లు విప్పింది అమ్మమ్మ. ఆమె పోయి ఏడాది దాటింది, ఆమెను గురించి అతడు మాట్లాడాడు, తలచుకున్నాడు. అయినా ఆమె ఇక లేదన్న సంగతి నిజంగా తెలిసింది ఆ వంగిన క్షణంలోనే. దుఃఖాన్ని వర్ణించి దానికి తగిన భంగిమను వెతకడం కాక, భంగిమలోంచి దుఃఖాన్ని రాబట్టడం ఇక్కడి శిల్పం. పిలవకుండా వచ్చే ఇటువంటి జ్ఞాపకాన్ని విమర్శకులు అనైచ్ఛిక స్మృతి అంటారు. దానికి ఉదాహరణగా ఇదే నవలలోని, టీలో నానిన కేకు ముక్కకే పేరంతా దక్కింది గాని, ఈ బూటు గుండీ అంతకన్నా లోతైనది.

అలాగని శరీరం అడిగినప్పుడల్లా తెరుచుకునే తలుపు కాదు. చివరి సంపుటంలో ఎగుడుదిగుడు రాళ్ల మీద తడబడిన అడుగు వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి నేలను గుర్తుకు తెస్తుంది. అయితే ఆ జ్ఞాపకం తేలేముందు, చూసేవాళ్లు నవ్వినా సరేనని కథకుడు అదే అడుగును పదే పదే వేసినా, ఉత్త కదలికగా వేసినంతసేపూ ఫలితం ఉండదు.

నతాలీ సరోత్ 1939లో ‘ట్రోపిజమ్స్’తో మరో దారి పట్టింది. మొక్క వెలుగువైపు ఒరగడం వంటి అప్రయత్న కదలికకు జీవశాస్త్రం పెట్టిన పేరు అది. పేర్లులేని ఆమె పాత్రలు పైకి మర్యాదగా మాట్లాడుకుంటుండగా, లోపల ముడుచుకుంటాయి, వెనక్కి జరుగుతాయి, మీదికి పాకుతాయి. కదలికంతా మాటకు ముందే, మాట కిందే జరిగిపోతుంది.

తెలుగులో చైతన్య స్రవంతి అనగానే నవీన్ ‘అంపశయ్య’ గుర్తుకొస్తుంది, చర్చ మనసులోని మాటల ప్రవాహం దగ్గరే ఆగిపోతుంది. మాట పుట్టకముందే కదిలే ఒంటిని రాయదలచిన కథకులు సరోత్‌ను కాకపోయినా, ప్రూస్ట్ రాసిన ఆ హోటలు గది పుటలనైనా చదవాలి.