బాయాజీ మేడ ఏ యూనిట్‌లోది?

తెలంగాణ పదో తరగతి ఇంగ్లీష్ పుస్తకంలో ఎనిమిది యూనిట్లు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్, విట్ అండ్ హ్యూమర్, హ్యూమన్ రిలేషన్స్, ఫిల్మ్స్ అండ్ థియేటర్, సోషల్ ఇష్యూస్, బయో డైవర్సిటీ, నేషన్ అండ్ డైవర్సిటీ, హ్యూమన్ రైట్స్. ఒక్కోదానికి ముందు ఒక ఫేస్ షీట్, దాని వెనక ఏ రీడింగ్, బీ రీడింగ్, సీ రీడింగ్. మా కాలంలో ప్రోజ్ వేరు, పొయెట్రీ వేరు, నాన్ డీటెయిల్డ్ అని ఇంకో సన్నటి పుస్తకం వేరు. 2014లో వచ్చిన ఈ పుస్తకం కథనూ కవితనూ నాటికనూ ఇంటర్వ్యూనూ ఒకే విషయం చుట్టూ తెచ్చి కూర్చోబెట్టింది. మంచి పని చేసింది. పదో తరగతికీ ఇంటర్‌కీ ఇంగ్లీష్ చెప్పి బతుకుతున్నవాణ్ణి, ఆ మేలు రోజూ చూస్తూనే ఉన్నాను. నా పేచీ అంతా యూనిట్ పేరుతోనే.

పాఠం మొదలుకాకముందే ఆ పేరు జవాబు చెప్పేస్తుంది. పైన హ్యూమన్ రిలేషన్స్ అని అచ్చేశాక కథలో ఏముందో వెతికే పని పిల్లలకు ఏం మిగులుతుంది? మిగిలిందేమైనా ఉంటే గైడు పూర్తి చేస్తుంది. ఈ పాఠం మానవ సంబంధాల విలువను తెలియజేస్తుంది అని ఒక వాక్యం. ఆ వాక్యాన్నే కామారెడ్డి టౌన్‌లో ట్యూషన్‌కు పోయే పిల్లాడూ రాస్తాడు, ఎల్లారెడ్డి అవతల తండా నుంచి నడిచొచ్చే పిల్లా రాస్తుంది. దిద్దేవాళ్లు ఇద్దరికీ సమానంగా మార్కులు వేస్తారు. ఇద్దరూ కథ చదవలేదని ఆ పేపర్ చూసి ఎవరికీ తెలియదు.

అందుకే సిలబస్ అయిపోయి, స్పెషల్ క్లాసులు మొదలయ్యాక, సాయంత్రం గుడాలు తిని చేతులు కడుక్కొచ్చిన పిల్లలతో ఒక పని చేయిస్తాను. ఎనిమిది యూనిట్ల పేర్లు బోర్డు మీద గడులు గీసి రాస్తాం. పాఠాల పేర్లు చీటీల మీద రాస్తాం. ఏ చీటీ ఏ గడిలో ఉండాలో వాళ్లే చెప్పాలి. పుస్తకంలో ఉన్న చోటే ఉంచితే కుదరదు, జరపాలి. ఎందుకు జరిపావో ఇంగ్లీష్‌లో చెప్పాలి. ఇంగ్లీష్ ఆగిపోతే తెలుగులో చెప్పి, మళ్లీ ఇంగ్లీష్‌లోకి రావాలి.

ముందుగా లేచే చీటీ ప్రతిసారీ ఒకటే, ది స్టోరీడ్ హౌస్. వామన్ హోవాళ్ రాసిన మరాఠీ కథ, ఇంగ్లీష్ అనువాదం. ముంబై డాక్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన బాయాజీ అనే దళితుడు ఊరికి వచ్చి మేడ కట్టుకోవాలనుకుంటాడు. ఊరి పాటిల్ ఒప్పుకోడు, మీ హద్దులో మీరుండండి అంటాడు. బాయాజీ తెలివిగా బయటికి మామూలు ఇంటిలా కనిపించేటట్టు కట్టి, మెట్లు వంటింట్లో నుంచి పెడతాడు. పుస్తకంలో ఇది సోషల్ ఇష్యూస్‌లో ఉంది.

ఈ మెట్ల దగ్గర మేం చాలాసేపు ఆగుతాం. బోర్డు మీద ఇంటి నక్షా గీయమంటాను. పొయ్యి ఎక్కడ, మెట్లు ఎక్కడ, పాటిల్ వచ్చి కూర్చుంటే ఆయనకు ఎంతదాకా కనిపిస్తుంది? మా పిల్లల్లో మేస్త్రీల పిల్లలున్నారు, సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోయేవాళ్లున్నారు. వాళ్లకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. ఇంగ్లీష్‌లో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు చాక్‌పీస్ తీసుకుని స్టెయిర్‌కేస్ ఎటు తిరగాలో, వంటింటి పొగ పై గదికి ఎట్లా పోతుందో గీసి చూపిస్తాడు. బాయాజీ ఎంత భయపడి ఆ ఇల్లు కట్టాడో ఆ గీతల్లో తేలుతుంది. గ్లాసరీలో ఆ భయం ఎక్కడా లేదు.

పాటిల్ ఎవరో మద్నూర్, జుక్కల్ వైపు పిల్లలకు చెప్పక్కర్లేదు, ఇళ్లలో మరాఠీ నడుస్తుంది. మిగతావాళ్లకు తాతలు చెప్పారు. ఎన్టీఆర్ హయాంలో పటేల్ పట్వారీ పోయినా ఆ పేర్లు ఊళ్లలో పోలేదు. దొరల గడీ ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన కాలం గురించి విన్న పిల్లలు ఇంకా ఉన్నారు. ఇంకోవైపు ఇదే కామారెడ్డి జిల్లాలో ఊరూరా దుబాయ్ పైసలతో లేచిన రెండంతస్తుల ఇళ్లున్నాయి. ఎవరి ఇంటిమీద ఎవరికి కళ్లు కుట్టాయో వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

కథలో గృహప్రవేశం రోజే ఇంటికి నిప్పు పెడతారు, బాయాజీ చనిపోతాడు. తెల్లారి చూస్తే కొడుకులు పునాది తవ్వుతుంటారు.

“సోషల్ ఇష్యూ అంటే ఏంది సార్, అది హ్యూమన్ రైట్స్ల ఉండాలె. ఆయన జాగ, ఆయన పైసలు, ఆయన ఇల్లు. కట్టుకోనియ్యకపోవుడు హక్కు గుంజుకునుడు కాదా?” అని ఒక అబ్బాయి చీటీ పీకాడు. అది నేను ఊహించిందే. వెనక బెంచీలో నుంచి ఇంకొకడు లేచి, “మొదటి యూనిట్ల పెట్టుర్రి సార్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ల. అయ్య సచ్చిన తెల్లారే మళ్ల పునాది తవ్విండ్రు కదా” అన్నాడు. ఆ యూనిట్‌లో కాళ్లూ చేతులూ లేకుండా పుట్టిన నిక్ వుజిసిచ్ ఉన్నాడు, ఐఐటీ ఫీజు కట్టలేకపోయి ఇన్ఫోసిస్ దాకా ఎదిగిన నారాయణమూర్తి ఉన్నాడు. వాళ్ల పక్కన బాయాజీ కొడుకుల్ని నిలబెట్టాలని పుస్తకం రాసినవాళ్లకు తట్టలేదు, నాకూ తట్టలేదు. అక్కడ పెట్టి చూస్తే మొదటి యూనిట్ అర్థమే మారిపోతుంది.

ఇమ్తియాజ్ ధార్కర్ రాసిన అనదర్ వుమన్ కవిత సంగతి ఇంకోలా ఉంటుంది. ఒక కోడలు బజారుకు పోయి మెంతికూర కొంటుంది. నా కొడుకు పైసలు తగలేస్తున్నావని అత్త దులుపుతుంది. చివరికి కిరోసిన్, మంట. అంత ఘోరాన్ని పుస్తకం హ్యూమన్ రిలేషన్స్ అనే మెత్తటి పేరు కింద పెట్టింది. “ఇది రిలేషన్ కాదు సార్, కేసు” అంది ఒకమ్మాయి. అది పదో తరగతి పిల్ల చేసిన సాహిత్య విమర్శ. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ధార్కర్ లాహోర్‌లో పుట్టి గ్లాస్గోలో పెరిగిన కవయిత్రి. ఆమె రాసిన టిష్యూ అనే ఇంకో కవితను ఇంగ్లండ్‌లో జీసీఎస్ఈ పిల్లలు చదువుతారు. అక్కడ ఏక్యూఏ బోర్డు ఆంథాలజీలో అది పవర్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ అనే గుంపులో ఉంది. వాళ్లదీ థీమ్ పద్ధతే, ఒక్కో గుంపుకు పదిహేను కవితలు. తేడా అంతా పరీక్షలో ఉంది. అక్కడ ఒక కవిత ఇచ్చి, అదే గుంపులోని ఇంకో కవితతో పోల్చమంటారు. అంటే కవితల్ని ఒకచోట చేర్చినందుకు పిల్లాడికి పని దొరుకుతుంది. మన పేపర్లో ఏ రీడింగ్‌నూ బీ రీడింగ్‌నూ ఎదురెదురుగా నిలబెట్టే ప్రశ్న అరుదు. ఏ పాఠం ప్రశ్న ఆ పాఠానిదే. యూనిట్ అని పేరు పెట్టి, పరీక్షలో మళ్లీ విడివిడి పాఠాలు చేశాం. ఎస్సీఈఆర్టీ వాళ్లు కొత్త పుస్తకం వేసేటప్పుడు పాఠాల కంటే ముందు ఈ ప్రశ్న గురించి ఆలోచిస్తే బాగుంటుంది.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సుకు రెండు గంటలు కూడా పట్టవు. కానీ ఒకే నాటిక ఆ చివర ఒకలా, ఈ చివర ఒకలా పలుకుతుంది. సెడ్రిక్ మౌంట్ రాసిన ది నెవర్ నెవర్ నెస్ట్ చూడండి. జాక్, జిల్ అనే కొత్త దంపతులు ఇల్లు, కారు, కుర్చీ అన్నీ కిస్తుల మీద తెచ్చుకుంటారు. చూడవచ్చిన జేన్ అత్తయ్యకు గుండె ఆగినంత పనవుతుంది. కుర్చీలో ఒక కాలు మాత్రమే వాళ్లది. ఇంగ్లండ్‌లో హైర్ పర్చేజ్ పిచ్చి పట్టిన రోజుల వెక్కిరింత అది. కామారెడ్డి టౌన్ పిల్లలకు అది బైక్ షోరూమ్, ఫోన్ ఈఎంఐ, ఏ యాప్‌లో ఎంత కట్టాలో వాళ్లకు తెలుసు. పగలబడి నవ్వుతారు. ఎల్లారెడ్డి వైపు అది సంఘం లోను, వానకాలం పెట్టుబడికి తెచ్చిన అప్పు, గల్ఫ్‌కు పంపడానికి ఏజెంట్‌కు కట్టిన లక్షలు. అక్కడ నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది.

నాటిక చివర్లో బిడ్డ కూడా కిస్తుల్లోనే ఉన్నట్టు తేలుతుంది, ఇంకొక్క కిస్తు కడితే పిల్లాడు పూర్తిగా వాళ్లవాడు. పిల్లగాని కిస్తు ఏందని క్లాసంతా గోల. ఒక అబ్బాయి మాత్రం, “మా అక్క కాన్పుకు దవాఖానల కట్టిన అప్పు ఇంకా తీరలె సార్, అల్లునికి నడకొచ్చింది” అన్నాడు. అప్పటిదాకా ఆ చీటీని విట్ అండ్ హ్యూమర్‌లో పెట్టాలని పట్టుబట్టినవాళ్లు తగ్గారు.

ఇంత చెప్పాక ఎదురు మాట కూడా చెప్పాలి. ప్రతి పాఠాన్నీ లాక్కొచ్చి మన ఊరికి కట్టేస్తే ఇంగ్లీష్ సాహిత్యం చదవడం ఎందుకు? ఆ దేశపు తీరు మనకు కొత్తగా, వింతగా తగలాలి కూడా. స్టాన్లీ హౌటన్ రాసిన ది డియర్ డిపార్టెడ్ 1908లో మాంచెస్టర్‌లో ఆడిన నాటిక. ముసలాయన చనిపోయాడనుకుని కూతుళ్లిద్దరూ బీరువా కోసం, గడియారం కోసం కొట్టుకుంటారు. ఆయన మేడ మీది నుంచి నిక్షేపంగా దిగొస్తాడు. ఆస్తి తగాదా మనకు కొత్తేం కాదు కాబట్టి ఈ నాటికను తెలంగాణ యాసలోకి దించేయడం చాలా తేలిక, స్కూలు డే రోజు చప్పట్లు కూడా పడతాయి. నేను దించనివ్వను. ఎందుకంటే అసలు ప్రశ్న ఒక పిల్ల వేసింది: “శవం మీద గదిల ఉంటే కింద ఛాయ్ ఎట్ల తాగుతరు సార్?” మన దగ్గర శవం లేచేదాకా పొయ్యి రాజేయరు. వాళ్లు బంధువులొస్తారని బల్ల మీద టీకి అన్నీ సర్ది పెట్టుకున్నారు. ఆ టీ అంటే మన ఛాయ్ కాదు, సాయంత్రపు తిండి. నల్ల బట్టలు ఎందుకు, ముసలాయన స్లిప్పర్లు ఆయన పోయిన రోజే అల్లుడి కాళ్లకు ఎందుకు, ఆ ఇంట్లో ఎవరికి దేనికి సిగ్గు, దేనికి సిగ్గులేదు, అన్నీ ఆ ఛాయ్ ప్రశ్న నుంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. కల్చర్ చెప్పడమంటే నా లెక్కలో ఇదే. లండన్ బ్రిడ్జి ఫొటో చూపించడం మాత్రం కాదు.

బయో డైవర్సిటీ యూనిట్ గురించి ఎక్కువ చెప్పను, 2025 ఆగస్టు ఆఖరు వాన ఆ పాఠాన్ని తానే చెప్పేసింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్ల పైన కురిసింది, భిక్కనూర్ దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, పోచారం పొంగింది. ఆ యూనిట్‌లో ఉన్నది వంగారి మాతాయితో ఇంటర్వ్యూ, కెన్యాలో ఆడవాళ్లతో చెట్లు నాటించి 2004లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నామె. ఇంటర్వ్యూ రాయడం ఎలాగూ పరీక్షలో వచ్చే డిస్కోర్సే కాబట్టి, వాన గురించి ఇంటి పెద్దల్ని అడిగి రాసుకురమ్మన్నాను. తండా పిల్ల ఒకతె వాళ్ల నానమ్మను లంబాడీలో అడిగి నేరుగా ఇంగ్లీష్‌లో రాసుకొచ్చింది. గైడులో ఉన్న మోడల్ ఇంటర్వ్యూకు దీనికి పోలికే లేదు.

ఇంటర్‌కు వచ్చేసరికి యూనిట్లు పోయి మళ్లీ ప్రోజ్, పొయెట్రీ, షార్ట్ స్టోరీస్ అని విడిపోతాయి. విచిత్రం ఏమిటంటే పెద్ద పిల్లలకే థీమ్ ఇంకా బాగా పట్టుబడుతుంది, వాళ్ల పుస్తకంలో అది లేదు. 2023-24 నుంచి మొదటి ఏడాదికి ఇంగ్లీష్ ప్రాక్టికల్స్ వచ్చాయి, 20 మార్కులు. పిల్లలు నోరు తెరవడానికి ఒక సందు దొరికింది. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించడం కంటే, పదిలో చదివిన పాఠాల చీటీలు మళ్లీ తీసి, ఒక్కొక్కరు నిలబడి తమ చీటీ కోసం ఇంగ్లీష్‌లో వాదించేలా ప్రాక్టీస్ చేయిస్తున్నాను.

అట్లా ఒక ఇంటర్ బ్యాచ్ ఎనిమిది గడులు చాలవని తొమ్మిదో గడి గీసింది. దానికి హౌస్ అని పేరు పెట్టారు. బాయాజీ మేడను అక్కడికి తెచ్చారు. జాక్, జిల్ గూడు వచ్చింది. ముసలాయన బీరువా ఉన్న ఇల్లు వచ్చింది. మెంతికూర కొన్న కోడలు వచ్చింది. చివర్లో వాట్ ఈజ్ మై నేమ్, అంటే పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. తెలుగు కథను ఇంగ్లీష్ పుస్తకంలో చదివి, అది అమ్మమ్మ చెప్పిన ఈగ కథ కదా అని గుర్తుపట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. నాలుగు యూనిట్లలో చెదిరి ఉన్న అయిదు పాఠాలు. వరుసగా పెడితే ఇంటికోసం ఎవరు కొట్టుకుంటారు, ఎవరు కాలిపోతారు, ఎవరు అలుకుతారు అనేది ఇంకెవరూ చెప్పకుండానే కనిపిస్తుంది. ఇన్నేళ్లు చెప్పినా నాకు కనబడని యూనిట్ అది.

కొడుకు పెట్టెను మోసుకుంటూ కొండదారిలో నడిచే తండ్రి కథ, ది జర్నీ, అది కూడా ఇందులోకి వస్తుందా అని ఒక రోజంతా వాదన నడిచింది. ఇల్లు వదిలి పోయే కథ కాబట్టి రావాలని కొందరు, రోడ్డు కథ కాబట్టి వద్దని కొందరు. ఏ రీడింగ్‌గా దేన్ని పెట్టాలో మాత్రం తేలలేదు. అబ్బాయిలు బాయాజీ అంటున్నారు, అమ్మాయిలు సత్యవతి గారి కథను దించడానికి ఒప్పుకోవడం లేదు. ఫేస్ షీట్ మీద బొమ్మగా వంటింట్లో నుంచి పైకెక్కే మెట్లు వేయాలన్నది మాత్రం రెండు పక్షాలకూ ఓకే.