గంతలు కట్టుకుని చదివే పీజీ

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, కాలమజూ ఊళ్లో వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ ఉంది. అక్కడ అంధత్వం, మందదృష్టి అధ్యయన విభాగంలో పీజీకి చేరేవాళ్లు రకరకాల డిగ్రీలు చేసి వస్తారు. సైకాలజీ చదివినవాళ్లుంటారు, టీచర్లుంటారు. ‘ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ’ శాఖ ఎంచుకున్నవాళ్లు ఎవరైనా సరే, పుస్తకాలతో పాటు కళ్లకు గంతలు, చేతికి పొడుగు కర్ర అందుకోవాల్సిందే. చూపు నిక్షేపంలా ఉన్న మనిషి గంతలు కట్టుకుని వరండాలో గోడ వెంట వేళ్లు ఆనించుకుంటూ నడుస్తాడు. మెట్లెక్కి దిగుతాడు. కొన్నాళ్లు పోయాక సిగ్నల్ ఉన్న కూడలి దాటతాడు. రేపు అతను చేయబోయే ఉద్యోగం, చూపు పోయినవాళ్లకు ఇవన్నీ నేర్పడం.

ఈ చదువుకు మూలం యుద్ధంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులు పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ ఆర్మీ ఆసుపత్రికి వచ్చేవారు. గాయాలు మానేవి. ఆ తర్వాత మంచం దిగి ఎటు వెళ్లాలన్నదే సమస్య. అక్కడ పనిచేస్తున్న రిచర్డ్ హూవర్ అనే సార్జెంట్ అంతకుముందు మేరీల్యాండ్ అంధుల పాఠశాలలో పాఠాలు చెప్పినవాడు. అప్పటి కర్రలు పొట్టివి, బరువైనవి. ఊతంగా పనికొచ్చేవి, లేదంటే ‘నాకు చూపు లేదు’ అని ఎదుటివాళ్లకు తెలిపేవి. అంతే. హూవర్, ఆయన సహచరులు 1944 ప్రాంతంలో కర్రను పొడుగు చేశారు, తేలిక చేశారు, దానికో కొత్త పని అప్పగించారు. ఆనుకోవడానికి కాదు, ముందున్న నేలను వెతకడానికి. హూవర్ తర్వాత వైద్యం చదివి కంటి డాక్టరయ్యాడు.

ఆ పద్ధతిని కాస్త దగ్గర నుంచి చూడాలి. కర్ర నిలబెడితే రొమ్ము ఎముక దాకా రావాలి. పట్టుకున్న చెయ్యి పొట్టకు ఎదురుగా, శరీరం నడిమధ్యన ఉండాలి. చూపుడువేలు కర్ర వెంట చాచి ఉండాలి. మణికట్టు మాత్రమే కదలాలి, భుజం కదలకూడదు. కర్ర కొస అటూ ఇటూ భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ మేర నేలను తాకుతూ పోవాలి. తాకడానికీ తాకడానికీ మధ్య అంగుళానికి మించి లేవకూడదు. అసలు కిటుకు కాళ్లతో లయ కలపడంలో ఉంది. కుడికాలు ముందుకు పడే క్షణానికి కర్ర కొస ఎడమవైపు నేలమీద ఉండాలి. అప్పుడు తర్వాత ఎడమకాలు పడబోయే చోటు గుంటో, గట్టో, మెట్టో కర్ర ఒక అడుగు ముందే చెప్పేస్తుంది. లయ తప్పిందంటే ఒకవైపు కాలు గుడ్డిగా పడుతున్నట్టే. కర్ర తిప్పే వెడల్పు తగ్గితే భుజం స్తంభానికి కొట్టుకుంటుంది. పెరిగితే పక్కవాడి కాళ్లకు అడ్డం పడుతుంది. ఇంతా చేసి, నడుము పైన వేలాడే చెట్టుకొమ్మ సంగతి ఈ కర్రకు తెలియదు. అందుకే మోచేయి మడిచి ముఖానికి అడ్డుపెట్టుకునే పద్ధతీ నేర్పుతారు.

యుద్ధం ముగిశాక 1948లో షికాగో దగ్గర హైన్స్ సైనికాసుపత్రిలో అంధ పునరావాస కేంద్రం మొదలైంది. దాని తొలి అధిపతి రసెల్ విలియమ్స్. ఫ్రాన్స్‌లో పోరాడుతూ చూపు కోల్పోయిన సైనికుడే. శిక్షకులను అక్కడే తయారుచేసుకున్నారు. సైనికులకు ఇది సరిపోయింది. మరి పుట్టుకతో చూపులేని పిల్లలకు, చక్కెర జబ్బుతో కళ్లు పోయిన పెద్దవాళ్లకు ఎవరు నేర్పాలి? 1959లో అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ న్యూయార్క్‌లో జరిపిన సమావేశం, ఈ శిక్షకులకు పీజీ స్థాయి చదువు ఉండాలని తేల్చింది. 1960లో బోస్టన్ కాలేజీ, 1961లో వెస్టర్న్ మిషిగన్ కోర్సులు తెరిచాయి.

కర్ర తిప్పడం నేర్పడానికి పీజీ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నిజమే, కర్ర తిప్పడం ఒక్కటే అయితే కొన్ని వారాల పని. కానీ నేర్చుకునేవాళ్లు ఏ ఇద్దరూ ఒక్కలా ఉండరు. చక్కెర జబ్బు ముదిరిన వ్యక్తికి చూపుతో పాటు పాదాల్లో, వేళ్లలో స్పర్శ కూడా మందగించి ఉండొచ్చు. నేల తీరు అరికాలికి తెలియనివాడికి నడకెలా నేర్పాలి? చుక్కలు వేలికి అందనివాడికి బ్రెయిలీ ఎంతవరకు పనికొస్తుంది? చెవి మందగించిన ముసలాయన ఏ శబ్దాన్ని నమ్మి రోడ్డు దాటాలి? అందుకే కంటి నిర్మాణం, కంటి జబ్బులు, వినికిడి, పిల్లల ఎదుగుదల, వృద్ధాప్యం, మనస్తత్వం అన్నీ సిలబస్‌లో ఉంటాయి. యుద్ధకాలంలో అంధ సైనికుల మధ్య పనిచేసిన ఫాదర్ థామస్ కారల్ 1961లో వచ్చిన తన పుస్తకంలో, చూపుతో పాటు మనిషి పోగొట్టుకునేవి ఇరవై అని లెక్క కట్టాడు. అందులో ఒకటి, జనంలో కలిసిపోయి ఎవరి కంటా పడకుండా ఉండే సౌకర్యం. చూపున్నవాళ్లకు తట్టని నష్టమిది.

రోడ్డు దాటే పాఠంలో ఈ చదువంతా ఒకచోటికి వస్తుంది. విద్యార్థి కూడలి మూల నిలబడి ముందు వింటాడు. తనకు అడ్డంగా పోయే బండ్లు ఏవి, తన పక్కనే తను వెళ్లే దిక్కుకు పోయేవి ఏవి అని విడదీసుకుంటాడు. అడ్డం పోయేవి ఆగి, పక్కనున్నవి ఒక్కసారిగా కదిలిన చప్పుడు వినిపిస్తే అదే అతనికి పచ్చలైటు. ఆ కదిలే బండ్ల శబ్దాన్నే గీతలా పట్టుకుని వంకర పోకుండా దాటతాడు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చి ఈ పాఠాన్ని కష్టం చేశాయి. నెమ్మదిగా పోయే కారు చప్పుడు చేయదు కదా. అంధుల సంఘాలు పోరాడిన మీదట, అలాంటి కార్లు శబ్దం చేసి తీరాలని అమెరికా కాంగ్రెస్ 2010లో చట్టం చేసింది.

ఆ సమయంలో శిక్షకుడు ఎక్కడుంటాడు? మొదట్లో చేయందేంత దూరంలో, ఓ అడుగు వెనక. రోజులు గడిచేకొద్దీ రెండడుగులు, పదడుగులు, చివరికి రోడ్డుకు అటువైపు. తప్పు చేస్తున్నాడని తెలిసినా ప్రమాదం లేనంతసేపు నోరు మెదపకూడదు. దారి తప్పి తనే తేరుకున్నవాడికి వచ్చే ధైర్యం పాఠం చెబితే రాదు. చివరి పరీక్షల్లో ఒకటి మరీ గడుసుది. విద్యార్థిని కారులో తిప్పి తిప్పి, ఎక్కడున్నాడో చెప్పకుండా దించేస్తారు. ముఖానికి తగిలే ఎండ, బండ్ల చప్పుడు, రోడ్డు వాలు పట్టుకుని అతను తనంతట తాను చేరవలసిన చోటికి చేరాలి. కాబోయే శిక్షకుడు గంతలు కట్టుకుని ఇది చేసి చూపాలి, తర్వాత వేరొకరితో చేయించాలి. రెండోదే కష్టం. సాయం చేయకుండా ఉండటం నేర్చుకోవడమే ఈ కోర్సులో పెద్ద చదువు.

నడక ఒక్కటే కాదు, పక్కనే ఇంకో శాఖ ఉంది. వంట, కుట్టు, బ్రెయిలీ, డబ్బు లెక్క నేర్పేవారిది. వాళ్లు వేడి నీళ్లు ఒలకకుండా పోయడం నేర్పుతారు, పొయ్యి మీట మీద వేలికి తగిలే చుక్క అంటిస్తారు. మిగిలిన కాస్త చూపును వాడుకోవడం నేర్పేవారు మరో శాఖ. కంటి నడిమధ్య చూపు పోయినవారికి ముఖం కొంచెం పక్కకు తిప్పి అంచుతో చూడటం అలవాటు చేస్తారు. పెరుగన్నం తెల్ల పళ్లెంలో కనపడకపోతే, ముదురు రంగు పళ్లెంలో పెట్టమనే సలహా కూడా వీళ్ల పనిలో భాగమే. 2000లో ఏర్పడిన ‘అక్‌వ్రెప్’ అనే సంస్థ ఈ శాఖల శిక్షకులకు సర్టిఫికెట్లు ఇస్తోంది. మొబిలిటీ సర్టిఫికెట్టుకు 350 గంటల పర్యవేక్షిత ఇంటర్న్‌షిప్, పరీక్ష తప్పనిసరి. అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఈ వృత్తి చరిత్రలో ఒక మచ్చ ఉంది. నడక నేర్పేవారికి మంచి చూపు ఉండాలన్న నియమం చాలాకాలం నడిచింది. హైన్స్ కేంద్రాన్ని నడిపించిన విలియమ్స్‌కే చూపు లేదు, చూపు లేనివాడు శిక్షకుడిగా మాత్రం పనికిరాడట! ఫ్రెడ్రిక్ ష్రోడర్ శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో ఈ పీజీ పూర్తిచేసినా, చూపు లేదన్న కారణంతో సర్టిఫికెట్ ఇవ్వలేదు. తర్వాత ఆయన అమెరికా ప్రభుత్వ పునరావాస సేవల కమిషనర్ అయ్యారు. లూసియానా టెక్ యూనివర్సిటీలో వచ్చిన మరో సంప్రదాయం ఈ నియమాన్ని పక్కన పెట్టేసింది. అక్కడ చూపులేనివారూ శిక్షకులవుతారు. కొస దాకా చెయ్యి పట్టి చెప్పడం కన్నా, ప్రశ్నలడిగి విద్యార్థి చేతే కనిపెట్టించడం వాళ్ల పద్ధతి. రెండు సంప్రదాయాల మధ్య వాదన ఇంకా ఉంది గానీ, చూపు విషయంలో లూసియానావాళ్లదే న్యాయం. ఒక గంట గంతలు కట్టుకున్నవాడికి తెలిసేది భయం మాత్రమే. ఏళ్లపాటు అలాగే బతికినవాడికి దాన్ని దాటడం తెలుసు.

మనవైపు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి చికిత్సతో ఆగకుండా దృష్టి పునరావాస కేంద్రం కూడా నడుపుతోంది. దేశంలో ఈ వృత్తుల శిక్షణను 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ పర్యవేక్షిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు 3/60 కన్నా తక్కువుంటే అంధత్వమనీ, 6/18 నుంచి 3/60 దాకా మందదృష్టనీ నిర్వచించింది. ఆ నిర్వచనం ప్రకారం వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చిన మనిషికి, ఆ తర్వాత నడక నేర్పేవాళ్లు కావాలి. అమెరికా పాఠం ఇక్కడ ఉన్నదున్నట్టు పనిచేయదు. ఫుట్‌పాత్ మీద బండి, సిగ్నల్ పట్టని ఆటో, ఎదురు వచ్చే బైకు మధ్య ‘పక్కన కదిలే బండ్ల చప్పుడు’ ఎక్కడని వెతుకుతాం? అమీర్‌పేట కూడలికీ, విజయవాడ బీసెంట్ రోడ్డుకీ సరిపడే పాఠం ఇక్కడి శిక్షకులే రాయాలి. ఆప్టోమెట్రీ, ప్రత్యేక విద్య, సైకాలజీ చదివే తెలుగు పిల్లలు ఈ దారి వైపు ఒకసారి చూడాలి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు వాళ్ల కోసం పీజీ సీట్లు ఇవ్వడానికి పూనుకోవాలి.